శాకాహారం ఒక్కటే చాలునా?



గత వైశాఖమాసంలో ఒకనాటి ఉదయం దేవస్థానం మండపంలో కూర్చుని ఉండగా, నూజివీడు దాపున మామిడితోట గల రైతు ఒకాయన వచ్చి నా ఎదుట కూర్చున్నాడు. తొలి కోతలోని చిన్నరసాల బుట్టను స్వామివారికి సమర్పించిన పిమ్మటనే తక్కిన కాయను బేరానికి పంపడం వారి ఇంటి ఆచారం. ఆనాడు ఆయన చేతిలో బుట్ట లేదు. చలి సరిగా పడక పూత ఆలస్యమైనదట. వచ్చిన పూతను తేనెమంచు పురుగు పట్టినదట. మిగిలిన పిందెను ఈదురుగాలి రాల్చినదట. ఇదంతా చెప్పి చివరకు ఇట్లా అడిగాడు: “పంతులుగారూ! కిందటి కార్తికంలో తమరు ప్రవచనం చెబుతూ, మాంసం మానితే భూమి మీద వేడి తగ్గుతుందని సెలవిచ్చారు. ఆ మాట పట్టుకుని మా ఇంటిల్లిపాదీ మానేశాం. మరి నా తోటలో పూత ఎందుకు నిలవలేదండీ?”

నాకు వెంటనే సమాధానం తోచలేదు. ఆలోచించి చెబుతానని పంపివేశాను.

నిజానికి, అటువంటి ప్రశ్న ఒకటి అప్పటికే నా ఇంట్లో ఉన్నది. అంతకు ముందు సంవత్సరం ఆగిరిపల్లి శోభనాచలం మెట్లు ఎక్కుతూ సగంలోనే ఆయాసంతో కూలబడ్డాను. మా అబ్బాయి వైద్యుని వద్దకు తీసికొనిపోయినాడు. వైద్యుడు తూకం చూసి, నడుము కొలిచి, రక్తపరీక్ష చేయించి, మధుమేహమని తేల్చాడు. “పుట్టుకతో శాకాహారిని. నాకిది ఎందుకు వచ్చినది?” అన్నాను. ఆయన నవ్వి, “మాస్టారూ, మీరు ఏమి తినరో చెప్పారు. ఏమి తింటారో, ఎంత తింటారో చెప్పండి” అన్నాడు.

చెప్పడం మొదలుపెట్టిన తరువాత నాకే సిగ్గు వేసింది. ఉదయం రెండు కాఫీలు, నేతితో ఇడ్లీలు. మధ్యాహ్నం పప్పు, ఆవకాయలతో ఒకసారి, పులుసుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి అన్నం. కూర మాత్రం విస్తరి అంచున నామమాత్రం. సాయంకాలం దేవస్థానంలో పులిహోర, చక్కెరపొంగలి, దద్ధ్యోజనం. రాత్రి మరల ఫలహారం. వేసవిలో అయితే పెరుగన్నంలోకి రెండు రసాలు తప్పనిసరి. ఇందులో మాంసం లేదు, నిజమే. మితం కూడ లేదు.

రైతు ప్రశ్న భూమిని గురించినది. నా ప్రశ్న శరీరాన్ని గురించినది. రెంటికీ మూలం ఒకటే భ్రమ అని ఆలోచించగా తెలిసినది. శాకాహారం స్వీకరించగానే ఆహారధర్మం పూర్తి అయినదని మనం అనుకుంటున్నాము. అది పూర్తి కాదు, ప్రారంభం మాత్రమే. ఈ వ్యాసంలో ఆ సంగతినే విన్నవించదలచాను.

శాస్త్రం చెప్పినది ఏమి?

భగవద్గీత పదిహేడవ అధ్యాయంలో పరమాత్మ ఆహారాన్ని మూడు విధాలుగా విభజించినాడు. ఆయుస్సును, బలాన్ని, ఆరోగ్యాన్ని, ప్రసన్నతను పెంచేది సాత్త్వికము. మిక్కిలి చేదు, పులుపు, ఉప్పు, కారము కలిగి దాహాన్ని, బాధను కలిగించేది రాజసము. సారం పోయి, నిలువ ఉండి, చెడినది తామసము. ఈ మూడు శ్లోకాలను నేను నలభై ఏండ్లు పిల్లలకు పాఠం చెప్పాను. వాటిలో శాకమనే మాట గాని, మాంసమనే మాట గాని లేదు. తినేవానికి ఆ ఆహారం వలన ఏమి కలుగుతున్నదన్నదే అక్కడ కొలబద్ద. మాంసవర్జనానికి మన పెద్దలు అహింసాధర్మాన్ని ఆధారంగా చూపినారు. ఆ ధర్మం విషయంలో నాకు సందేహం లేదు. కాని వేపుడులు, ఊరగాయలు, మిఠాయిలతో నిండిన విస్తరి మాంసం లేనంత మాత్రాన సాత్త్వికం కాజాలదు.

అదే గీత ఆరవ అధ్యాయంలో, అతిగా తినేవానికీ, బొత్తిగా తిననివానికీ యోగం సిద్ధించదని స్వామి స్పష్టం చేసినాడు. ఇది మితాన్ని గురించిన ఆజ్ఞ. వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయం సూత్రస్థానంలో ఎనిమిదవ అధ్యాయాన్ని ఆహారమాత్రతోనే ఆరంభించినాడు. మాత్ర అంటే పరిమాణం. ఉదరాన్ని నాలుగు భాగాలుగా భావించి, రెండు భాగాలు ఘనాహారంతో, ఒక భాగం ద్రవంతో నింపి, నాలుగవ భాగం వాయుసంచారానికి విడిచిపెట్టవలెనని ఆయన ఉపదేశం. 

చరకసంహిత సూత్రస్థానం ఇరువది యొకటవ అధ్యాయం స్థూలకాయాన్ని గురించి విస్తారంగా చెబుతున్నది. అతిస్థూలత వలన ఆయుస్సు తగ్గుతుందనీ, శ్రమకు శరీరం ఓర్వదనీ, ఆకలిదప్పులు మితిమీరుతాయనీ అక్కడ ఉన్నది. స్థూలునికి హితమైన ధాన్యాలను కూడ చరకుడు పేర్కొన్నాడు. ప్రియంగువులు, శ్యామాకములు, కోద్రవములు, యవలు, ముద్గములు, కులత్థములు. అంటే మన కొర్రలు, చామలు, అరికెలు, బార్లీ, పెసలు, ఉలవలు. ఉలవచారుకు పేరుపడ్డ ప్రాంతంలో పుట్టి, దాని మీద గరిటెడు మీగడ వేసుకుని తినడమే తెలిసినది గాని, చరకుడు ఆ ఉలవను ఎందుకు చెప్పినాడో నేను ఆలోచించలేదు.

శరీరం చెబుతున్నది ఏమి?

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో దేశవ్యాప్తంగా జరిగిన అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడినాయి. దాని ప్రకారం మన దేశంలో మధుమేహం గలవారు సుమారు 10 కోట్ల మంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లోని 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో మూడవ వంతు కంటె ఎక్కువ మంది అధిక బరువుతో ఉన్నట్లు తేలినది. పురుషులు కూడ ఎంతో వెనుకబడి లేరు. పురుషులకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడవలెనని వైద్యులు మనవారికి విధించిన హద్దు. నూలుపోగుతో ఇంటిలోనే కొలుచుకొనవచ్చును.

శాకాహారి బరువు ఎందుకు పెరుగుతాడు? కారణం సూక్ష్మమైనది కాదు. శరీరం ఖర్చు చేసే శక్తి కంటె లోనికి చేరే శక్తి అధికమైనపుడు, ఆ మిగులు కొవ్వుగా నిలువ ఉంటుంది. అది బియ్యం నుండి వచ్చినదా, బెల్లం నుండి వచ్చినదా, నెయ్యి నుండి వచ్చినదా అని శరీరం విచారించదు. ఒక చిన్న చెంచాడు నెయ్యిలో గాని నూనెలో గాని సుమారు 45 కాలరీలు ఉంటాయి. పప్పులో ఒక చెంచా, ఆవకాయలో ఒక చెంచా, వేపుడులో రెండు చెంచాలు అయ్యేసరికి దాదాపు ఒక పూట తినదగిన అన్నమంత శక్తి కంటికి కనబడకుండానే లోనికి పోతుంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకాలలో, భోజనపాత్రలో సగభాగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలని సూచించినది. మన విస్తరిలో సగభాగం అన్నమే. మధ్య ఉండవలసిన కూర అంచుకు, అంచున ఉండవలసిన అన్నం మధ్యకు చేరినవి. కూరలలోను, పప్పుధాన్యాలలోను ఉండే పీచు తక్కువ శక్తితోనే కడుపు నింపుతుంది. శాకాహారంతో బరువు తగ్గుతుందన్న మాటలోని సత్యం ఇంతవరకే. శాకం ఎక్కువగా ఉన్న ఆహారం శరీరాన్ని తేలిక చేస్తుంది. శాకం పేరు మాత్రమే ఉన్నది తేలిక చేయదు.

మాంసం మానినవారు మరొక సంగతి గమనించాలి. మాంసకృత్తులకు బదులుగా పప్పులు, పెసలు, ఉలవలు, శనగలు, వేరుశనగలు, పెరుగు చేరాలి. కొందరి ఇండ్లలో మాంసం స్థానంలో బంగాళాదుంప వేపుడు, మరొక గరిటెడు అన్నం చేరుతున్నాయి. దాని వలన నష్టమే. బి-12 విటమిన్ మొక్కలలో లభించదు. పాలు, పెరుగుల ద్వారా కొంత లభిస్తుంది. నీరసం, అరికాళ్ళ తిమ్మిరి ఉన్నవారు వైద్యుని అడిగి పరీక్ష చేయించుకొనడం మంచిది.

ఉపవాసం గురించి కూడ ఒక మాట. శనివారం రాత్రి అన్నం మాని, నాలుగు పెసరట్లు, గిన్నెడు ఉప్మా తినడం మన ప్రాంతంలో ఆచారమైనది. ఏకాదశినాడు సగ్గుబియ్యం, బంగాళాదుంప, జీడిపప్పు కలిపి నేతిలో వండుకుంటున్నాము. ఉపవాసమంటే భగవంతుని సమీపంలో వసించడం. వంటింటి సమీపంలో వసించడం కాదు. అయితే మధుమేహానికి మందులు వాడేవారు వైద్యుని అడగనిదే నిరాహారంగా ఉండరాదు. దేవుడు అటువంటి సాహసాన్ని కోరడు.

నేను చేసినది స్వల్పమే. అన్నం మూడు మారుల నుండి ఒక గరిటెకు తగ్గించాను. ముందు కూర, పప్పు తిని తరువాత అన్నం ముట్టుకుంటున్నాను. వారంలో మూడు రాత్రులు కొర్రన్నం. ఉలవచారు ఉన్నది, మీగడ లేదు. ఉదయం అరగంట ప్రదక్షిణలు. ప్రసాదం అరచేతిలో పట్టినంత. ప్రసాదం స్వీకరించడం వేరు, ప్రసాదంతో కడుపు నింపుకొనడం వేరు అని డెబ్బదియేండ్లు దాటిన తరువాత నేర్చుకున్నాను. ఏడాదిలో ఏడు కిలోలు తగ్గినవి. వైద్యుడు మందు మోతాదు తగ్గించినాడు. మామిడిపండు మానలేదు. నూజివీడులో ఉంటూ అది నా వలన కాదు. నూరు గ్రాముల మామిడిగుజ్జులో సుమారు 60 కాలరీలే ఉంటాయి. పూర్తి భోజనం మీద దానిని తినడమే దోషం. ఇప్పుడు సాయంకాలం ఫలహారానికి బదులుగా ఒక పండు తింటున్నాను.

భూమి చెబుతున్నది ఏమి?

ఇప్పుడు రైతు ప్రశ్నకు వద్దాము. ఆవు, గేదె, మేక, గొర్రె వంటి నెమరువేసే జంతువుల ఉదరంలో గడ్డి పులిసి జీర్ణమయ్యేటపుడు మీథేన్ అనే వాయువు పుట్టి, నోటి ద్వారా వెలువడుతుంది. భూమి చుట్టూ వేడిని పట్టి ఉంచడంలో అది బొగ్గుపులుసు వాయువు కంటె ఎన్నో రెట్లు తీవ్రమైనది. జంతువులకు మేత పండించడానికి భూమి, నీరు అదనంగా కావాలి. 119 దేశాలలోని సుమారు 38 వేల వ్యవసాయ క్షేత్రాల లెక్కలు సేకరించి, 2018లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిన పరిశోధనలో, ప్రపంచంలోని వ్యవసాయభూమిలో 83 శాతం మాంసం, పాలు, గుడ్లు, చేపల కోసమే వినియోగమవుతున్నదనీ, వాటి నుండి మానవజాతికి లభించే శక్తి 18 శాతమేననీ తేలినది. కనుక మాంసం తగ్గించడం భూమికి మేలన్న మాట అసత్యం కాదు.

కాని ఈ లెక్కలో శాకాహారులకు అసౌకర్యమైన విషయాలు మూడు ఉన్నాయి. వాటిని కార్తిక ప్రవచనంలో నేను చెప్పలేదు. 

మొదటిది పాలు, నెయ్యి. గేదె కూడ నెమరువేసే జంతువే. కిలో నెయ్యికి పదిహేను లీటర్ల వరకు పాలు కావాలి. నివేదనకు, దీపానికి నెయ్యి కావాలి. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. వడ్డనలో గిన్నెలతో పోయడం మాత్రం నివేదన కాదు.

రెండవది వరి. నీరు నిలువగట్టిన పొలంలో గాలి సోకని మట్టి నుండి కూడ మీథేన్ వెలువడుతుంది. మానవుల వలన వెలువడే మీథేన్‌లో సుమారు పదవ వంతు వరిపొలాలదే. పొలాన్ని అప్పుడప్పుడు ఆరగట్టి తిరిగి తడి పెట్టే పద్ధతిలో ఇది తగ్గుతుంది, నీరు కూడ ఆదా అవుతుంది. కొర్రలు, అరికెలు, చామలు మెట్టపంటలు. వాటికి నిలువ నీరు అక్కరలేదు. చరకుడు శరీరానికి చెప్పిన ధాన్యాలే భూమికి కూడ తేలికైనవి కావడం గమనించదగినది.

మూడవది, అన్నింటికంటె బాధాకరమైనది, పారవేసిన అన్నం. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచంలో వినియోగదారులకు అందిన ఆహారంలో దాదాపు అయిదవ వంతు, అంటే 105 కోట్ల టన్నులు, వ్యర్థమైనది. పొలం నుండి పళ్ళెం వరకు ఆహారం నష్టపోవడం వలన వెలువడే వాయువులు మొత్తంలో 8 నుండి 10 శాతం వరకు ఉంటాయని అంచనా. కుప్పలో పడి గాలి ఆడక కుళ్ళే అన్నం నుండి వెలువడేది కూడ మీథేనే.

ఒక ఉత్సవదినాన అన్నదానం ముగిసిన తరువాత విస్తళ్ళు పారవేసే గుంట వద్ద కొంతసేపు నిలబడినాను. ముట్టని పులిహోర, సగం కొరికిన లడ్డూలు, పెరుగన్నం. అదంతా శాకాహారమే. దాతలు భక్తితో పంపిన ద్రవ్యమే. తైత్తిరీయోపనిషత్తు అన్నాన్ని నిందించరాదనీ, త్రోసివేయరాదనీ వ్రతంగా విధించినది. ఆ వ్రతభంగం మన ప్రాంగణంలోనే జరుగుతున్నది.

రైతుకు ఏమి చెప్పాను?

పది దినాల తరువాత ఆయన తోటకు నేనే వెళ్ళాను. “నాయనా, ఒక ఏడు విరగకాచి మరొక ఏడు కాయకపోవడం మామిడికి సహజగుణమని నాకంటె నీకే తెలుసు. ప్రతి నష్టమూ వాతావరణం మార్పు వల్లనే అనలేము. పురుగు సంగతి నూజివీడు మామిడి పరిశోధన స్థానంలోని శాస్త్రజ్ఞులను అడుగు. ఇక నా మాట. ఈ వాయువులు ప్రపంచమంతటా కలిసిపోతాయి. నీ ఇంటిలో మానినందువల్ల నీ తోట మీద చలి పడదు. నేను ఫలశ్రుతి చెప్పినట్లు చెప్పాను. అది నా తప్పు” అన్నాను.

ఆయన చాలాసేపు మాటాడలేదు. తరువాత, “ఈ మాట ఆనాడే చెప్పి ఉంటే బాగుండేదండీ” అన్నాడు.

“అయితే మానింది దండగేనా?” అని తానే మరల అడిగాడు. దండగ కాదన్నాను. ఈ పెద్దచెట్లు నాటిన తాత తాను తినడానికే నాటలేదు. లక్షల ఇండ్లలో కొద్దికొద్దిగా తగ్గితే కలిగే ఫలం రాబోయే తరానికి అందుతుంది. అందులో మన వంతు ఉన్నదా లేదా అన్నదే ధర్మవిచారం. ఇప్పుడు ఆయన కుటుంబం సోమ, శనివారాలు, కార్తికమాసం పూర్తిగా మాంసం ముట్టడం లేదు. అంతకు మించి నేను అడగలేదు. 2014 నాటి కేంద్రప్రభుత్వ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 98 మంది మాంసాహారులే. మన దేవస్థానానికి వచ్చే భక్తులలోను, దాతలలోను అత్యధికులు వారే. అయ్యప్పదీక్షలో, భవానీదీక్షలో నలభై యొక్క దినాలు నియమంగా ఉండి, నేల మీద పడుకొని, మితంగా భుజించేవారిని చూచి నావంటి జన్మశాకాహారులు నేర్చుకొనవలసినది ఎంతో ఉన్నది. వారిని తక్కువచేసి మాట్లాడే అర్హత మనకు లేదు.

భక్తులకు, దాతలకు మనవి

యాత్రికులు విస్తరి ముందు కూర్చున్నపుడు మొదట తక్కువ వడ్డించుకొని, కావలసినపుడు మారు అడగండి. వద్దనుకున్న పదార్థాన్ని వడ్డనకు ముందే చేతితో వారించండి. పిల్లలకు సగమే వడ్డించమని చెప్పండి. ప్రసాదాన్ని ఇంటికి తీసికొనిపోయి పదిమందికీ పంచండి.

దాతలకు ప్రత్యేక విన్నపం. పెండ్లిరోజుకో, పెద్దల తిథికో అన్నదానం చేయించేటపుడు, “మా పేరిట మూడు మిఠాయిలు ఉండాలి” అని కోరేవారు ఉన్నారు. 1841లో జన్మించిన డొక్కా సీతమ్మ తల్లి గోదావరి లంకలలో వేళకాని వేళ వచ్చినవారికి కూడ వండి పెట్టి అన్నపూర్ణగా కీర్తి పొందినది. వంటకాల సంఖ్య వలన ఆమెకు ఆ కీర్తి రాలేదు. ఒక మిఠాయికి బదులుగా రెండు కూరలు, ఒక ఆకుకూర పప్పు చేయించండి. నెలకు ఒకనాడైనా కొర్రపొంగలి గాని, ఉలవలతో ఒక వంటకం గాని ఉండేటట్లు చూడండి. మన రాష్ట్రంలోని ప్రకృతి వ్యవసాయానికి 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ పురస్కారం లభించినది. అటువంటి రైతుల వద్ద బియ్యం, పప్పు కొని సమర్పిస్తే ఆ దానం పొలం వరకు చేరుతుంది. అట్టపళ్ళేలు, ప్లాస్టిక్ గ్లాసుల స్థానంలో ఆకువిస్తళ్ళు వాడిస్తే, మిగిలినదంతా ఎరువై ఏదో ఒక తోటకు పోతుంది.

ఇది వ్రాస్తున్నది మాఘమాసంలో. తోటల నిండా పూత ఉన్నది. నిన్న సాయంకాలం ఆ రైతు గుడి వద్ద కనబడినాడు. ఈ ఏడు బుట్ట తెస్తావా అని నేను అడగలేదు. తెస్తానని ఆయనా అనలేదు. ఇద్దరమూ ప్రసాదం కొద్దికొద్దిగా చేత పుచ్చుకొని, పూత నిలవాలని స్వామికి నమస్కరించి వచ్చాము.

స్వస్తి.